పలక తెరుచుకునేలోపు

నా భార్య గల్ఫ్‌లో నర్సు. నేను గోదావరిఖనిలో ఇంటి దగ్గర కూర్చుని హైదరాబాద్ కంపెనీ ఒకదానికి వెబ్ పేజీలు రాసే మనిషిని. ఈ రెండు మాటలు వినగానే మా బజారులో కొందరికి నవ్వొచ్చేది. మామూలుగా మగవాళ్లు ఎడారికి పోతారు, ఆడవాళ్లు ఇక్కడ ఫోన్ పట్టుకుని ఎదురుచూస్తారు. మా ఇంట్లో అది తిరగబడింది. "ఏందన్నా, వంట అయిందా?" అని గేటు దగ్గర ఆగి మరీ అడిగేవాళ్లు. అయిందనే చెప్పేవాణ్ని. మా బాపుకీ నా కూతురికీ తినడం తప్పదు కాబట్టి తినేవాళ్లు.

ఆమె మా మేనత్త కూతురు. పెళ్లికి ముందూ నన్ను బావా అనే పిలిచింది, పెళ్లయ్యాకా అంతే. ఇక్కడ ఒక ప్రైవేటు దవాఖానలో ఆరేళ్లు పనిచేసింది. అక్కడ మంచి ఉద్యోగం దొరికిందని, రెండేళ్ల ఒప్పందమేనని, రెండేళ్లు ఎంతలో గడుస్తాయని ఇద్దరం ఒకరికొకరం ధైర్యం చెప్పుకున్నాం. విమానం ఎక్కించి వచ్చిన రోజు మంచం మీద ఆమె వైపు దుప్పటి మడత అలాగే ఉంది. దాన్ని నేను పది రోజులు విప్పలేదు. బెంగ అనే మాట ఆడవాళ్లకూ పిల్లలకూ సంబంధించిందని అనుకునేవాణ్ని. ముప్పై ఆరేళ్ల వయసులో, కాలర్ ఉన్న చొక్కా తొడుక్కుని, ఆఫీసు మీటింగులో మాట్లాడుతూ మాట్లాడుతూ కెమెరా ఆపేసి మొహం కడుక్కోవాల్సి వస్తే దాన్ని బెంగ కాక ఏమంటారో నాకు తెలియదు.

మాకు ఒక్కతే కూతురు. తల్లి వెళ్లినప్పుడు దానికి నాలుగున్నరేళ్లు.

అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక నడుస్తుంది. ఆమె సాయంత్రం డ్యూటీ దిగి, రూముకు చేరి, స్నానం చేసి ఫోన్ పట్టుకునేసరికి ఇక్కడ పిల్ల గాఢనిద్రలో ఉండేది. పొద్దున ఆమె హాస్పిటల్ బస్సెక్కే వేళకు పిల్ల బడిలో ఉండేది. సెలవు రోజున ఇద్దరూ వీడియోలో కడుపునిండా మాట్లాడుకునేవాళ్లు. మిగతా రోజుల్లో తల్లీ బిడ్డా ఇద్దరికీ కుదిరే సమయం ఒక్కటే ఉంది, మన లెక్కన సాయంత్రం పావుతక్కువ అయిదు. అప్పుడు ఆమెకు పది నిమిషాల విరామం. ఫోన్లు డ్యూటీలో దగ్గర ఉంచుకోనివ్వరు, కింది అంతస్తులో లాకరులో పెట్టాలి. దిగి తెచ్చుకునేసరికే ఆ పది నిమిషాలూ హరించుకుపోతాయి. అయితే నర్సులు కూర్చునే గదిలో అందరికీ కలిపి ఒక పాత కంప్యూటర్ ఉంది. దానికి మైకు లేదు, కెమెరా లేదు. బ్రౌజర్ ఉంది, మౌస్ ఉంది.

నాకు చేతనైంది నేను చేశాను. ఒక పలక చేశాను. అదొక వెబ్ పేజీ, తెరిస్తే తెరంతా నల్లగా ఉంటుంది. ఇక్కడ పిల్ల నా ఫోన్ మీద వేలితో గీస్తే ఆ తెల్ల గీత అప్పటికప్పుడు అక్కడ తల్లికి కనిపిస్తుంది. అక్కడ తల్లి మౌస్‌తో గీస్తే పసుపు గీత ఇక్కడ పడుతుంది. మొదటి రోజు ఆమె మౌస్‌తో 'అ' రాయబోతే అది కుంటికోడిలా తయారైంది. పిల్ల పడీపడీ నవ్వి, "గట్ల కాదమ్మా, నేను రాస్త చూడు" అని ఇక్కడి నుంచి తల్లికి అక్షరాలు దిద్దించింది. ఆ పది నిమిషాల్లో నేను వంటింటి గడప మీద కూర్చుని ఆ పసుపు గీత కదలడం చూశాను. అది ఆమె చెయ్యి. ఎక్కడో సముద్రం అవతల ఆమె చెయ్యి కదిలితే మా ఇంట్లో కనిపించింది. ఆ రోజు కూరలో కారం రెండుసార్లు వేశాను, ఎవరూ ఏమీ అనలేదు.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. నాలో ఉన్న పనివాడు ఊరుకుంటాడా? పలక పక్కన రంగుల డబ్బా పెట్టాను. ఫోటోల పుస్తకం పెట్టాను. తల్లి నొక్కితే పిల్ల పాడిన పాటలు వినిపించేలా చేశాను, మైకు లేకపోయినా ఆ కంప్యూటర్‌కు చిన్న స్పీకర్ ఉందని ఆమె చెప్పింది కాబట్టి. అంకెల ఆట, బొమ్మల ముద్రలు, మెరుపులు, తారాజువ్వలు. ఒక్కోటి చేర్చిన కొద్దీ పలక తెరుచుకోవడం ఆలస్యమవుతూ వచ్చింది. పైగా ఆ కంప్యూటర్‌కు ఒక నియమం ఉంది, ఒకరు లేచి వెళ్లగానే వాళ్లు తెరిచినవన్నీ తుడిచేస్తుంది. నిన్న దిగిన ఫైళ్లు ఇవాళ ఉండవు. ప్రతిరోజూ ఆమెకు నా పేజీ కొత్తే, ప్రతిరోజూ మొదటి నుంచి అంతా దిగాల్సిందే.

ఆమె అక్కడ పేజీ తెరవబోగానే ఇక్కడ పిల్ల ఫోన్ మీద ఒక సున్నా తిరగడం మొదలవుతుంది, అమ్మ వస్తోందని గుర్తుగా. పలక పూర్తిగా తెరుచుకున్నాక సున్నా పోయి పసుపు చుక్క పడుతుంది. మొదట్లో ఆ సున్నా నాలుగైదు తిప్పులు తిరిగేది. తరువాత నిమిషం. తరువాత రెండు నిమిషాలు, మూడు. పిల్ల మొదట్లో కళ్లార్పకుండా చూసేది. తరువాత ఆవులించేది. ఆ తరువాత, "సున్నా పోయినంక పిలువు డాడీ" అని పక్కింటి వాకిట్లోకి ఆటకు పోయేది. నేను పిలిచేవాణ్ని. అది వచ్చేసరికి తల్లికి నాలుగు నిమిషాలో మూడు నిమిషాలో మిగిలేవి. ఒక్కోరోజు రానే వచ్చేది కాదు.

ఒక సెలవు రోజు వీడియోలో పిల్ల పక్కకు వెళ్లాక ఆమె గొంతు తగ్గించి అడిగింది.

"బావా, అది నన్ను మర్చిపోతున్నదా?"

"ఏం మాటలు గవి" అన్నాను. అన్నానే గానీ ఆ వారంలోనే బడిలో 'మా అమ్మ' అని బొమ్మ గీయమన్నారట. పిల్లలంతా చీరలు, జడలు, బొట్లు గీశారు. నా కూతురు కాగితం మధ్యలో ఒక సున్నా గీసి, దానికి చిన్న తోక పెట్టింది. ఇదేంటని టీచర్ అడిగితే, "అమ్మ వచ్చేటప్పుడు గిట్ల తిరుగుతది" అని చెప్పిందట. టీచర్ నవ్వుతూనే ఆ కాగితం నా చేతికిచ్చింది. నేనూ నవ్వాను. బండి స్టాండు తీసి, కిక్కు కొట్టి, రోడ్డు మీదికొచ్చాక నవ్వు రాలేదు. ఆ కాగితం ఆమెకు చూపించలేదు, ఇప్పటికీ.

పదేళ్లుగా నేను చేస్తున్న పనే ఇది. ముక్కూమొహం తెలియని వాళ్ల పేజీలన్నీ పరుగులు పెట్టించి, ఇంటి పేజీని కుంటుకుంటూ వదిలేశాను. ఆ రోజు కూర్చుని చూస్తే జబ్బు ఏమిటో తెలిసింది. పేజీ తెరవగానే బ్రౌజర్‌కు ఒక ఫైలు వస్తుంది. దాన్ని చదివితే నాకు ఇంకో ఫైలు కావాలని అందులో ఉంటుంది. అది తెప్పించి చదివితే అందులో ఇంకొకటి. దాంట్లో మరొకటి. ఒకటి చేతికొచ్చాక గానీ రెండోది కావాలని తెలియదు. పొయ్యి వెలిగించాక ఉప్పు లేదని పిల్లను దుకాణానికి పంపి, ఉప్పు వచ్చాక చింతపండు లేదని పంపి, అదొచ్చాక పోపు గింజలకు పంపే ఇల్లు ఎలా ఉంటుందో నా పేజీ అలా ఉంది. మామూలు ఇంట్లో దుకాణం పక్కనే ఉంటుంది. ఇక్కడ దుకాణం సముద్రం అవతల ఉంది.

దీనికి మందు నాకు తెలుసు. మాడ్యూల్ ప్రీలోడ్ అంటారు. పేజీ మొదట్లోనే ఒక్కో ఫైలుకు ఒక్కో వరుస రాసి, ఇవి ఎలాగూ కావాలి, ఎవరో అడిగేదాకా ఆగకు, ఇప్పుడే అన్నీ ఒక్కసారి తెప్పించి, చదివి సిద్ధంగా ఉంచు అని బ్రౌజర్‌కు చెప్పడం. అంతే. అరగంట పని.

బొగ్గుగనిని ఇక్కడ బాయి అంటారు. బాయి పనివాళ్ల ఇళ్లల్లో పెరిగినవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. మొదటి షిఫ్టు ఉన్నదంటే ముందురోజే అన్నీ తలుపు దగ్గరికి చేరాలి. మా అమ్మ ఉన్నన్నాళ్లూ బాపు బూట్లు, మేజోళ్లు, బెల్టు, తువ్వాల, నీళ్ల సీసా, ఖాళీ టిఫిన్ డబ్బా వరుసగా గోడకు ఆనించి పెట్టేది. సైరన్ కూసే వేళకు ఏదీ వెతుక్కోకూడదు. ఏది ముందు, ఏది వెనక అని కాదు, అన్నీ ఉండాలి. నేనూ అదే చేశాను. పలకకూ, గీతలకూ, రంగులకూ, పాటలకూ, ఫోటోలకూ, ముద్రలకూ, తారాజువ్వలకూ అన్నింటికీ వరుసలు రాశాను. ఇరవై ఆరు వరుసలు. ఒక్కటీ మర్చిపోలేదని గర్వపడ్డాను కూడా. నా ల్యాప్‌టాప్ మీద పేజీ రెప్పపాటులో తెరుచుకుంది. ఆమెకు మెసేజ్ పెట్టాను, రేపు చూడు అని. పిల్లకు ప్రమాణం చేసినంత పని చేశాను.

మర్నాడు పిల్ల ఆటకు పోలేదు. చేతులు కడుక్కుని, ఫోన్ ఒళ్లో పెట్టుకుని నా పక్కన కూర్చుంది. సున్నా మొదలైంది. తిరిగింది. తిరుగుతూనే ఉంది. ఊరవతల ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ అయి కిటికీ అద్దాలు గలగలమన్నాయి, సున్నా తిరిగింది. బాపు చాయ్ తాగి గ్లాసు కడిగి పెట్టాడు, సున్నా తిరిగింది.

"ఇయ్యాల జల్ది వస్తది అంటివి గద డాడీ."

"వస్తది బిడ్డా, ఇంక జరసేపు."

పది నిమిషాలు అయిపోయాయి. సున్నా మాయమైంది, పసుపు చుక్క పడలేదు. పిల్ల ఏడవలేదు. ఫోన్ నా చేతిలో పెట్టి, చెప్పులు వేసుకుని బయటికి పోయింది. ఏడ్చినా బాగుండేది. ఆమె నుంచి మెసేజ్ వచ్చింది: "తెల్లగనే ఉండె బావా, నల్ల పలకే రాలే. ఒక్క గీత గూడ రాలే. బిడ్డను తిట్టకు."

నేను తిట్టాల్సినవాళ్లందరినీ తిట్టాను. ఆ హాస్పిటల్ నెట్‌ను, ఆ పాత కంప్యూటర్‌ను, తుడిచేసే నియమం పెట్టినవాణ్ని. మధ్యలో బాపు గదిలోకొచ్చి కూర్చున్నాడు. మా బాపు రిటైరయ్యేదాకా బాయి మీద లాంప్‌రూంలో చేశాడు. బాయిలోకి దిగే ప్రతి మనిషికీ తల మీద పెట్టుకునే లైటు ఒకటి ఉంటుంది. షిఫ్టు దిగినవాళ్లు ఇచ్చిపోయిన లైట్లు రాకుల్లో, అంటే ఇనుప అరల్లో, చార్జింగుకు పెట్టి, తరువాతి షిఫ్టువాళ్లు కిటికీ దగ్గర తమ నంబరు బిళ్ల ఇస్తే ఎవరి లైటు వాళ్లకివ్వడం ఆయన పని.

"ఏమైందిరా, గట్ల ఒర్రుతున్నవు?"

చెప్పినా అర్థం కాదన్నట్టు విసురుగానే చెప్పాను. కావలసినవన్నీ ముందే పంపాననీ, అయినా పలక రాలేదనీ.

"అన్ని ఒక్కపారి పంపినవా?"

"అన్ని."

బాపు నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

"కొత్తల నేను గూడ గిదే తెలివి జేసిన. షిఫ్టు మొదలుగాకముందే రాకులకెళ్లి లైట్లన్ని దీసి కిటికీ బల్ల మీద కుప్ప వెట్టిన. అందరికి జల్ది ఇయ్యొచ్చని. సర్దారు వచ్చిండు. ఆయన లైటు కుప్ప అడుగున వడ్డది. వైర్లన్ని ఒకదానికొకటి సుట్టుకున్నయి. సర్దారు ముందుగాల దిగి, లోపల జూసి సరే అంటెనే గద తక్కినోళ్లు పని మొదలువెట్టేది? ఆయన కిటికీ కాన్నే నిలవడె. ఆయన ఎన్క అందరు నిలవడిరి. ఆ దినం నేను తిన్న తిట్లు ఇప్పటికి యాదికున్నయి."

"మరి ఏం జేసినవు?"

"ఏం జేస్త? కిటికీ ఒక్కటేరా. ఎవ్వడు ముందు దిగాల్నో వాని లైటు ముందు. వానికి జోడుగ ఎవ్వరు లేకపోతె పని నడువదో వాళ్లయి. కడమయి రాకులనే ఉండనియ్యి, అవసరం వడ్డప్పుడు ఇయ్యొచ్చు. ఏడికి పోతయి?"

ఒప్పుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. కానీ మర్నాడు పొద్దున ఆఫీసు పని పక్కన పెట్టి ఆ ఇరవై ఆరు వరుసలూ ముందేసుకున్నాను. పలక తరువాత రావాల్సిన పాటలూ ఫోటోలూ కూడా దానితోపాటే ఆ సన్నటి నెట్‌లో దూరబోయాయి, అందుకే పలక దాటలేదు. ఒకటే ప్రశ్న అడుక్కున్నాను. పిల్ల గీసిన గీత తల్లికి కనబడటానికి ఏది లేకపోతే కుదరదు? పలక కావాలి. గీత కావాలి. ఇక్కడికీ అక్కడికీ తీగలా నిలబడే ఫైలు కావాలి. వాటి వెనక నిలబడేవి మూడు. మొత్తం ఆరు. మిగతా ఇరవై వరుసలు కొట్టేశాను. అవి పలక తెరుచుకున్నాక, తీరిగ్గా, వాటంతట అవి వచ్చేలా పెట్టాను. కొట్టేస్తుంటే కాస్త బాధేసింది. ఆ పాటల పెట్టె కోసం ఎన్ని రోజులు కూర్చున్నానో. ఆమె కోసం చేశాననుకున్నవన్నీ ఆమెకు అడ్డం పడ్డాయి. ఆ కుప్ప అడుగున నా కూతురు ఉంది.

ఈసారి నా ల్యాప్‌టాప్‌ను నమ్మలేదు. నెట్ బాగా నెమ్మదిగా ఉన్నట్టు దాన్ని నటింపజేసి, దిగినవన్నీ ప్రతిసారీ తుడిచేసి చూశాను. బాపు చేతి గడియారం పట్టుకుని పక్కన కూర్చున్నాడు. "మూడు సెకండ్లు" అన్నాడు. మళ్లీ తుడిచాం. "మూడున్నర." మళ్లీ. "మూడే."

పిల్లకు చెప్పలేదు. ఒకసారి మాట తప్పినవాణ్ని, మళ్లీ ఏ మొహం పెట్టుకుని చెప్పను? బడి నుంచి వచ్చి, పాలు తాగి, అలవాటుగా పక్కింటి వాకిట్లోకి పోయింది. పావుతక్కువ అయిదుకు ఫోన్ నా చేతిలోనే ఉంది. సున్నా కనిపించింది. మూడు తిప్పులు తిరిగిందేమో, పోయింది. పసుపు చుక్క.

ఆమె వచ్చేసింది. పిల్ల లేదు.

"బిడ్డా" అని రాసింది. వంకరగా, ఆమె మౌస్ రాత. కాసేపాగి తుడిచింది. మళ్లీ "బిడ్డా" అని రాసింది. ఇన్నాళ్లూ ఇక్కడ పిల్ల ఆమె కోసం చూసిన చూపు ఎలా ఉండేదో నాకు తెలుసు. ఆమె ఖాళీ పలక చూడటం ఎలా ఉంటుందో ఎప్పుడూ ఆలోచించలేదు. గబగబా గోడ దగ్గరికి పోయి కేకేశాను, అమ్మ వచ్చిందని. అవతల పిల్లలు తొక్కుడుబిళ్ల ఆడుతున్నారు. నా కూతురు ఒంటికాలి మీద ఉంది. తల కూడా తిప్పలేదు.

"ఆగుమను డాడీ, వస్తున్న!"

లోపలికొచ్చాను. ఏం చేయాలో తోచక, ఎప్పుడూ ఆ పలక మీద వేలు పెట్టనివాణ్ని, రాశాను: "ఆగుమంటున్నది."

కొంచెం సేపటికి, "బావా నువ్వా?" అని వచ్చింది.

"నేనే."

తరువాత ఇద్దరికీ ఏం రాయాలో తెలియలేదు. ఏడాదికి పైగా మా మాటలన్నీ పిల్ల జ్వరం, పిల్ల బడి, బాపు బీపీ గోలీలు. ఇప్పుడు ఏడు నిమిషాలు ఊరికే చేతికొచ్చాయి. "ఏ అంగి తొడుక్కున్నవు?" అని రాసింది. "నీలంది" అన్నాను. "జేబు చినిగిందే గద." "అదే." "గీసి చూపెట్టు." నాకు బొమ్మలు రావు. అయినా ఒక అంగి గీశాను, జేబు వేలాడుతున్నట్టు గీశాను. ఆమె మౌస్‌తో ఆ జేబు చుట్టూ పసుపు కుట్లు వేసింది, ఒక్కొక్కటే, నిదానంగా. "నువ్వు మస్తు యాదికొస్తున్నవు" అని రాశాను. ఫోన్‌లో ఏనాడూ ఆమెతో అనలేదు ఆ మాట. ఆమె ఇంకో రెండు కుట్లు వేసింది. అంతలో సమయం అయిపోయింది.

పిల్ల దుమ్ము కాళ్లతో పరుగెత్తుకొచ్చింది. "అమ్మ పోయిందా?"

"పోయింది."

"రేపొస్తది గద" అని కుండలో నీళ్లు ముంచుకుని తాగి, మళ్లీ ఆటకు పోయింది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఇంత చేసి, ఆమెను నిలబెట్టి పంపాను. మర్నాడు పొద్దున డ్యూటీ బస్సులోంచి ఆమె ఫోన్ చేసినప్పుడు క్షమాపణ నాలుక చివర పెట్టుకునే ఎత్తాను. ఆమె నన్ను మాట్లాడనివ్వలేదు.

"బావా, నిన్న అది ఏమన్నది? ఉన్నది ఉన్నట్టు చెప్పు."

"ఆగుమను, వస్తున్న అన్నది."

"కోపం మీదనా?"

"కాదు. ఆటల ఉండె. నువ్వు ఇంట్ల ఉన్నప్పుడు అన్నానికి పిలిస్తె అంటుండె చూడు, గట్లనే."

"మల్ల చెప్పు" అంది.

చెప్పాను. ఇంకోసారి అడిగింది, ఇంకోసారి చెప్పాను. ఏడుస్తోందని తెలుస్తోంది, నవ్వుతోందనీ తెలుస్తోంది.

"ఇన్ని దినాలు నేను రాలేదని ఆటకు పోతుండె. నిన్న నేను ఇంట్లనే ఉన్ననన్నట్టు పోయింది బావా" అంది.

దిగే చోటు వచ్చిందని ఫోన్ పెట్టేసింది. అప్పటికి ఆమె ఇంటికి రావడానికి ఇంకా పది నెలలు ఉంది.